తినేవాళ్లు మనకు కనబడరు

డిగ్లీపూర్

అమ్మలూ,

కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణకు వెళ్లాలని ఉందని రాశావు. డిగ్రీ చదివి కొబ్బరి ఎండబెట్టడం నేర్చుకోవడమేమిటని నలుగురూ అంటున్నారని బాధపడ్డావు. నా మాటగా విను, వెళ్లు. చదువుకున్న పిల్లలు తప్పుకుంటే ఈ ఊరి పంటకు దిక్కెవరు?

కల్పోంగ్ ఏరు పారే ఈ ఉత్తర అండమాన్ నేలలో వరి, కమలా పండ్లు, కొబ్బరి, వక్క అన్నీ పండుతాయి. పండినదాన్ని నిలవబెట్టడమే కష్టం. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు రోడ్డున దాదాపు 300 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి విశాఖకో చెన్నైకో ఓడలో దాదాపు మూడు రోజులు. పచ్చి సరుకు అంత ప్రయాణం తట్టుకోదు. అందుకే ఎండబెట్టడం, నూనె తీయడం, ఊరగాయ పెట్టడం ఇక్కడ పంట పండించడమంత ముఖ్యం.

కొబ్బరి సంగతే చూడు. పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే. ఎండుకొబ్బరిలో అది ఆరు శాతానికి దిగాలి. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట ఎండను నమ్ముకుంటే బూజు పడుతుంది. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. వండినా అది పూర్తిగా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కొబ్బరి చిప్పలే ఇంధనంగా, పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే డ్రయ్యర్లున్నాయి. ఆ పద్ధతి క్షుణ్ణంగా నేర్చుకో.

అయితే ఏ శిక్షణా ఇవ్వలేనిది ఒకటుంది. సగం ఆరిన కొబ్బరి ఎక్కువ తూగుతుంది. ఆ తడికీ డబ్బొస్తుంది. ఆశ పుట్టేది అక్కడే. ఆ కొబ్బరిని తినే పసిబిడ్డ ఎక్కడో సముద్రం అవతల ఉంటుంది, మనకు కనబడదు. కనబడనివాళ్ల పట్ల ఎలా ఉంటామన్నదే మన గుణం. ఆరని కొబ్బరి అమ్మొద్దు.

నేలతోనూ అదే నిజాయితీ చూపు. కొబ్బరి పీచు చెట్టు పాదులకే తిరిగి వేస్తే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉండే బెట్టలో తేమ నిలుస్తుంది. చెట్లకు మిరియం పాకించు, నీడలో అల్లం, పసుపు పెట్టు. కొత్త తోట కోసం అడవి జోలికి వెళ్లకు. వాలు మీద చెట్టు పోతే మట్టి ఒక్క వానకు కొట్టుకుపోతుంది.

డబ్బు విషయం. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి పథకంలో పెట్టుబడికి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. అది బ్యాంకు అప్పుతో ముడిపడింది. సబ్సిడీ చూసి అప్పు చేయకు. ముందు చిన్న మొత్తాలు తయారుచేసి, అవి నిలవుంటున్నాయని తేలాకే యంత్రం సంగతి ఆలోచించు.

నేర్చింది దాచుకోకు. పక్కింటి బెంగాలీ పిన్నికి, మన శ్రీకాకుళం వాళ్లకు, రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబాలకు, అందరికీ చెప్పు. ఒక్క ఇంటి సరుకు చెడినా డిగ్లీపూర్ సరుకంతటికీ చెడ్డపేరు. నలుగురూ బాగా చేస్తేనే నీ సరుకుకూ విలువ. దరఖాస్తు ఈ వారమే పెట్టు.

ఇట్లు
నీ తాతయ్య