నడుమున ఉన్న ఆయుధం



మన విచారణలో పెరిగి, అమెరికాలోని టెక్సాస్‌లో పౌరసత్వం పొంది స్థిరపడిన ఒక యువకుడు ఆమధ్య ఫోను చేశాడు. రోజూ అర్ధరాత్రి దుకాణం మూసి ఒంటరిగా ఇంటికి వెళ్తాడు. "ఫాదర్‌గారూ, రివాల్వర్ ఒకటి కొని వెంట ఉంచుకుందామనుకుంటున్నాను. పాపమా? అమ్మకు మాత్రం చెప్పకండి" అన్నాడు.

2021 సెప్టెంబరు నుండి ఆ రాష్ట్రంలో 21 ఏళ్లు నిండి, చట్టరీత్యా అర్హులైనవారు లైసెన్సు లేకుండానే చేతితుపాకి వెంట ఉంచుకోవచ్చు. అయితే చట్టం ఒప్పినదంతా మనస్సాక్షి ఒప్పుతుందా?

అతడు మధ్యరకం రివాల్వర్ ఎంచుకున్నాడు. ఐదు గుండ్ల చిన్నది జేబులో ఇముడుతుంది గాని, పేల్చినప్పుడు చేతిలో ఎగిరిపడుతుంది. ఆరు గుండ్ల మధ్యరకం దాదాపు కిలో బరువు. ఆ బరువే చేతిని నిలుపుతుంది. ఇందులో నీతి కూడా ఉంది. గురి తప్పిన గుండు నిరపరాధికి తగలవచ్చు కదా!

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే ఈ ప్రశ్నను విచారించారు. ఆత్మరక్షణకు రెండు ఫలితాలుండవచ్చు: తన ప్రాణం నిలవడం, దాడిచేసినవాని ప్రాణం పోవడం. మనం ఉద్దేశించవలసినది మొదటిదే. వాడే బలం అవసరాన్ని మించరాదు. శ్రీసభ సత్యోపదేశ గ్రంథం (2263-2265) కూడా ఇదే బోధిస్తుంది. కనుక ఆయుధం ఉండడమే పాపమని నేను చెప్పలేను.

కాని అక్వినాసువారు చెప్పింది ఆపద ముంచుకొచ్చిన ఒక్క క్షణం గురించి. ప్రతి ఉదయం నడుముకు కట్టుకునేది అలవాటు. అలవాటు మనిషిని మలుస్తుంది. ఎదురైన ప్రతివాడూ శత్రువుగా కనిపించడం మొదలవుతుంది. కడరా భోజనంనాడు శిష్యుల దగ్గర రెండు కత్తులున్నాయి. ఆ రాత్రే పేతురు చేయి కత్తిమీదికి పోయింది. ప్రభువు దానిని ఒరలో పెట్టమని ఆజ్ఞాపించి, గాయపడినవాని చెవిని స్వస్థపరిచారు.

అందుకే అతడిని మూడు అడిగాను: కాపాడేది ప్రాణాన్నా, గల్లాపెట్టెనా? ఇంట్లో పసిబిడ్డకు అందకుండా ఎక్కడ దాస్తావు? ఆయుధం లేకుండా ఆపదను తప్పించుకునే దారి వెతికావా? తల్లికి చెప్పలేని నిర్ణయాన్ని ఇంకొకసారి ఆలోచించుకోమన్నాను.

మొన్న మళ్లీ మాట్లాడాడు. తల్లికి చెప్పాడట. ఇతరులకూ పనికొస్తుంది, పేరు లేకుండా రాయమన్నాడు. రివాల్వర్ సంగతి ఇంకా తేల్చుకోలేదు. దుకాణం మాత్రం ఇప్పుడు పదింటికే మూస్తున్నాడు. డబ్బు కొంత తగ్గిందట. తల్లి కంటికి మాత్రం నిద్ర వచ్చింది.