వేషధర్మము

జీవితమొక నాటకమనియు, మనమందఱము వేషధారులమనియు చెప్పుకొనుట మన దేశమున పండితునకును పామరునకును సమానముగ అలవడినది. ఆప్తులు గతించినపుడు ఓదార్పునకును, సంపద నశించినపుడు ఊఱటకును, ఒక్కొక్కప్పుడు చేయవలసిన పనిని తప్పించుకొనుటకును ఈ మాటనే ఆశ్రయింతుము. సంసారము మిథ్యయైనచో దానికొఱకింత శ్రమయేల యను ప్రశ్న దీని వెనుక నున్నది. దీనికి సమాధానమును శాస్త్రములయందు వెదకుటకు ముందు, నిజముగా వేషము కట్టి జీవించువారి బ్రదుకెట్టిదో పరికించుట యుక్తమని నా తలంపు. ఏలయన నాటకమును ఉపమానముగ గైకొన్న వేదాంతులు నాటకమాడుటలోని కష్టమును మఱచుట కద్దు.

1885వ సంవత్సరమున కడప జిల్లాయందలి సురభి గ్రామమున, తరతరములుగ తోలుబొమ్మలాడించి జీవించుచుండిన కుటుంబములవారు, వనారస గోవిందరావుగారి పూనికతో కీచకవధను తామే వేషములు ధరించి ప్రదర్శించిరి. నాటినుండి ఆ కుటుంబములు శాఖోపశాఖలై పెక్కు సమాజములుగ విస్తరించి, ఊరూర మకాము వేసి మాయాబజారు, లవకుశ, భక్తప్రహ్లాద, బాలనాగమ్మ మున్నగు నాటకములను ఆడుచు వచ్చినవి. అన్యత్ర పురుషులే స్త్రీవేషములు కట్టుచుండిన కాలమున, వీరి యింటి ఆడువారే సీతలై, ద్రౌపదులై రంగముపై నిలిచిరి. తాత, తండ్రి, మనుమడు ఒకే నాటకమున నటించు ఈ సంచారకుటుంబములకు రంగస్థలమే యిల్లు, ఇల్లే రంగస్థలము.

ఊరు మారినపుడెల్ల తెరలును, కిరీటములును, గదలును, హార్మోనియమును, వంటపాత్రలును, పసిబిడ్డల ఉయ్యాలలును కలిసియే ప్రయాణము చేయును. పగలు గుంజలు పాతి త్రాళ్లు బిగించిన చేతులే రాత్రి శంఖచక్రములు ధరించును. ఆకాశమున తేలివచ్చు నారదుని చూచి ప్రేక్షకులు పరవశించుచుండగా, తెరచాటున త్రాడు పట్టినవాడు ఊపిరి బిగబట్టి నిలుచును. అతని పట్టు క్షణకాలము సడలినచో ఆ దేవర్షి నేలబడును. సుభద్ర వేషమున నున్న తల్లి తన పద్యము ముగించి ప్రక్కతెర చాటునకు వచ్చి, ఏడ్చు బిడ్డను హారములు గ్రుచ్చుకొనకుండ ఒడిలోనికి తీసికొని పాలిచ్చి, తన ప్రవేశమునకు శ్రుతి వినబడగనే ఆ పసివానిని అత్తగారి చేతికందించి, మరల అభిమన్యుని తల్లియై రంగము నెక్కును. ఈ రెండు మాతృత్వములలో దేనియందును ఆమె అలసత్వము చూపదు. జగన్నాటకమను మాటకు నిజమైన భాష్యము నాకచ్చట గోచరించుచున్నది: వేషము తనది కాదని యెఱిగియు, అది తనకప్పగింపబడినంతకాలము ప్రాణము పెట్టి నిర్వహించుటయే నటధర్మము.

విద్యారణ్యస్వామి తమ పంచదశిలో నాటకదీపమను ప్రకరణము నొకదానిని రచించిరి. నృత్యశాలయందలి దీపము ప్రభువును, సభ్యులను, నర్తకిని సమముగ ప్రకాశింపజేసి, వారందఱు వెడలిపోయిన పిదపను తాను వెలుగుచునే యుండునట్లు, సాక్షియగు ఆత్మ అహంకారమును, బుద్ధిని, విషయములను వెలిగించుచు, అవి లేనపుడును స్వయముగ భాసించునని దాని సారాంశము. ఈ ఉపమానమును విని, ఆత్మ సాక్షిమాత్రమే కనుక నాకు కర్తవ్యము లేదనువాడు దీపమునకు చెప్పినదానిని నర్తకికి అన్వయించుచున్నాడు. దీపము ఆడదు, నిజమే; కాని దీపము వెలుగుచున్నంతలో నర్తకికి తాళము తప్పుటకు అనుమతి లభింపదు. సాక్షిభావము అంతరంగమునకు శాంతి నొసగునుగాని, చేతులకు సెలవీయదు.

అహంకారమునకు కఠినమైన పరీక్షయు రంగముపైననే కలదు. పద్యము రక్తి కట్టినపుడు జనులు వన్స్‌మోర్ అని కేకలు వేయుదురు. ఆ కేక కృష్ణునికా, కృష్ణుని వేషము కట్టిన తనకా? తనకే యని భ్రమించిన నటుడు రాగమును సాగదీసి, కథను మఱచి, పాత్రను చంపును. మరల పాడియు, పాడిన వెంటనే ఆ కీర్తిని పాత్రకు సమర్పించి కథలోనికి మరలినవాడు, గీతాచార్యుడు బోధించిన ఫలత్యాగమును, గ్రంథము పఠింపకయే, ఆచరించినవాడగుచున్నాడు.

ఇట్టివారియెడ మన ధర్మశాస్త్రములు న్యాయముగ వర్తింపలేదని చెప్పక తప్పదు. భరతుని శాస్త్రము నాట్యమును పంచమవేదమని కొనియాడినది. ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామమునుండి గీతమును, యజుస్సునుండి అభినయమును, అథర్వమునుండి రసములను గ్రహించి బ్రహ్మ దానిని నిర్మించెనన్నది. మనుస్మృతియో, నటుని అన్నము భుజింపరాదనియు, కుశీలవుని సాక్షిగ నియమింపరాదనియు శాసించినది. రాత్రి రాముని వేషమునకు చేతులు జోడించి, ఉదయమున ఆ వేషధారిని గడప వెలుపల నిలిపిన సంఘము ఈ రెండు వాక్యములను ఒకేసారి పాటించినది. భగవంతుడు ఏ దేహమున తాత్కాలికముగ భాసించెనో ఆ దేహము తక్కువదన్నచో, మట్టివిగ్రహమునకు మ్రొక్కుట యెట్లు సమర్థనీయము? వేషమునందు దైవమును చూడగలిగిన భక్తి, వేషధారియందు మానవుని చూడలేనిచో అది అసంపూర్ణభక్తి.

కావున జగత్తు నాటకమని పలుకువారికి నా విన్నప మొక్కటి. ఆ మాటను వైరాగ్యమునకు వాడుడు, సోమరితనమునకు వాడకుడు. తల్లి వేషమైనను, కొడుకు వేషమైనను, గుమాస్తా వేషమైనను, దొరకినదానిని శ్రుతి తప్పక నిర్వహింపుడు. మీ యూరికి నాటకసమాజము వచ్చినపుడు టిక్కెట్టు కొని, కుటుంబసమేతముగ వెళ్లి చూచి, ఆట ముగిసిన పిమ్మట రంగు కడుగుకొన్న ఆ మనుష్యులను పేరడిగి పలుకరింపుడు; ఆ నమస్కారము వేషమునకు చేసినదానికంటె తక్కువది కాదు.