గాజుపై మైనము

భగవత్కైంకర్యములలో సమ్మార్జనము, అనగా ఊడ్చి శుభ్రము చేయుట, చూపునకు మిక్కిలి స్వల్పముగా తోచును. కాని పెద్దలు దానిని స్వల్పముగా ఎంచలేదు. తిరుమలలో ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి అను నాలుగు పర్వములకు ముందు వచ్చు మంగళవారమున కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. మూలమూర్తిని వస్త్రముతో కప్పి, గోడలను, పైకప్పును, పూజాసామగ్రిని శుద్ధిచేసి, నామకోపు, శ్రీచూర్ణము, కస్తూరిపసుపు, కర్పూరము, గంధపుపొడి మొదలగునవి కలిపిన పరిమళజలమును ఆలయమంతట ప్రోక్షింతురు. ఆలయమునే ఆళ్వారుగా భావించి చేయించు స్నానమిది.

భగవంతుని నిలుపుకొన్న ప్రతి గృహమును ఆలయమే. అందుచేత గృహములో తుడుపుపని చేయు చేయియు కైంకర్యము చేయు చేయియే. దీనికొక చిన్న దృష్టాంతము చూడవచ్చును.

నాగాయలంక మొదలగు దివిసీమ గ్రామములకు గాలివాన క్రొత్తది కాదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను ఆ సీమ మరువలేదు. గాలి లేచినంతనే కరెంటు పోవును. దేవుని ముందు నువ్వులనూనె దీపముగాని నేతిదీపముగాని వెలుగుచుండును. ఇంటి వెలుతురునకు క్రొవ్వొత్తి వెలిగింతురు. పారాయణగ్రంథములుంచు గాజుబల్లపై దానిని నిలిపినచో, తెల్లవారునప్పటికి కరగిన మైనము బల్లపై గడ్డకట్టి యుండును.

పూర్వము క్రొవ్వుతో చేసినందున దానికి క్రొవ్వొత్తి యను పేరు వచ్చినది. నేటి వత్తులు చాలవరకు పెట్రోలియము నుండి తీసిన పారఫిన్ మైనముతో చేసినవి. అది సుమారు 50 నుండి 65 డిగ్రీల వేడికి కరగును, చల్లబడినచో పెళుసెక్కును. ఈ రెండు గుణములే దానిని తొలగించు ఉపాయములు. ముందుగా మైనమును పూర్తిగా ఆరనీయవలెను. మంచుముక్కలు దొరకినచో గుడ్డలో చుట్టి కొంతసేపు దానిపై ఉంచవలెను. కరెంటు లేక మంచు దొరకనిచో చన్నీటి గుడ్డ చాలును. పిమ్మట చెక్కగరిటె అంచుతోనో, పలుచని ప్లాస్టిక్ బిళ్ళతోనో ప్రక్కనుండి మెల్లగా నెట్టినచో పెచ్చులుగా ఊడును. మిగిలిన జిడ్డుపొరపై, గాజు మామూలు స్థితికి వచ్చిన తరువాత, గోరువెచ్చని నీట పిండిన గుడ్డను కొంతసేపు ఉంచి తుడువవలెను. తుదకు కుంకుడురసపు నీటితో కడిగి పొడిబట్టతో ఒత్తిన చాలును. ఊడిన మైనమును తూములో వేయరాదు; అది లోపల గడ్డకట్టి నీటిని అడ్డగించును.

చేయరానివియు కలవు. కత్తితో గీకరాదు. ఇత్తడికుందులు తోము బూడిదనుగాని ఇసుకనుగాని వాడరాదు. మంచుతో చల్లబడిన గాజుపై మరగునీరు పోయరాదు, అది పగులును. మైనము నేడుగాకున్న రేపైనను పోవును. గాజుపై పడిన గీత మాత్రము పోదు.

ఇక దీని అంతరార్థమును గ్రహింపవలెను. మైనము గాజునకు అంటుకొన్నదే కాని గాజులోనికి ఇంకలేదు. అట్లే జీవాత్మ జ్ఞానానందస్వరూపుడు, భగవంతునికి శేషభూతుడు. అనాదికర్మవలన అతని ధర్మభూతజ్ఞానము సంకోచించునేగాని స్వరూపము చెడదు. దృష్టాంతమునకు ఒక హద్దు కలదు: గాజు తన్ను తాను తుడుచుకొనలేదు, జీవుడును స్వశక్తితో కర్మను కడుగుకొనలేడు. తుడుచు చేయి శ్రియఃపతిది, కరగించు వేడిమి ఆయన దయ. ఆ చేతికి లోబడియుండుటయే ప్రపత్తి.

ఈ తత్త్వమునకు పరీక్ష గృహములోనే జరుగును. చీకటిలో వృద్ధులు తొట్రుపడి పడిపోకుండుటకే కోడలు ఆ వత్తిని వెలిగించి యుండును. ఉదయమున బల్లపై మరకను చూచి అత్తగారు పదిమందిలో ఆమెను నిష్ఠురముగా నిందించినచో, ఆమె చేసిన సేవ మరుగై, అంటిన చుక్కయే మిగులును. మరక అరగంటలో పోవును. మాట చేసిన గీత ఏండ్లు నిలుచును. భాగవతుల మనస్సు నొప్పించుట భగవదపచారముకంటె క్రూరమని మన ఆచార్యుల సిద్ధాంతము. ఇంటి కోడలు భాగవతురాలు కాదని ఎవరు చెప్పగలరు? దోషమును తుడువవలసినదే, కాని చల్లబడనిచ్చి, వెచ్చని మాటతో, మెల్లగా తుడువవలెను.

నాథమునుల శిష్యుడగు తిరుక్కణ్ణమంగై ఆండాన్ సన్నిధిని ఊడ్చుచుండగా, ఒక నాస్తికుడు దీనివలన ఫలమేమని ప్రశ్నించెనట. ఆయన ఊడ్చిన చోటును, ఊడ్వని చోటును చూపెనట. శుభ్రతయే ఫలము, అంతకుమించి ప్రతిఫలము కోరకుండుటయే దాసుని లక్షణము.

గాజుబల్ల తుడిచి దానిపై గ్రంథమును మరల ఉంచు గృహిణి చేయునదియు ఆ కైంకర్యమే. దానిని గుర్తించి ఒక మంచిమాట పలుకుట ఇంటనున్న తక్కినవారి కైంకర్యము.