తొండం తాడు

పులివెందుల దగ్గర మా మేనమామ ఊళ్లో ఒక పాత బావి ఉంది. అందులో నీళ్లు లేక ముప్పై ఏళ్లు దాటింది. గట్టున రెండు రాతికూసాలు, వాటి నెత్తిన గాడి, బావి అంచున తాళ్ల ఒరిపిడికి నున్నబడిన బండ, దాని వెనక రాతి తొట్టి, తొట్టి నుంచి బయల్దేరి మట్టిలో కలిసిపోయే కాలువ. పోయిన ఎండాకాలం మా అన్న కొడుకును వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. వాడు బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. సైన్స్ ఫిక్షన్ నవల దొరికితే వాడికి తిండి గుర్తుండదు. ఆ కూసాల మీద ఎండిపోయిన పసుపు కుంకుమలు చూసి, "ఇది ఏ దేవుడు చిన్నాయనా?" అని అడిగాడు.

నాకు వెంటనే నోట మాట రాలేదు. అది దేవుడు కాదు, కపిల. ఎద్దులతో నీళ్లు తోడే బావి. ఏటా ఆయుధపూజ నాడు మా అత్త ఆ కూసాలను కడిగి బొట్లు పెడుతుంది. నీళ్లు పోయాయి, ఎద్దులు పోయాయి, తోలు బాన పోయింది, బొట్టు మాత్రం మిగిలింది.

వాడు చదివే నవలల్లో జరిగేది అచ్చంగా ఇదే. అసిమోవ్ రాసిన 'ఫౌండేషన్'లో సామ్రాజ్యం కూలిపోతుండగా అణుయంత్రాలను నడిపేది పూజారులు. ఏ మీట ఎప్పుడు నొక్కాలో వాళ్లకు నోటికి వచ్చు, ఎందుకు నొక్కాలో తెలీదు. యంత్రం నడిచినన్నాళ్లు అది మహిమ, ఆగిపోతే దేవుడి కోపం. ఇన్నాళ్లూ దాన్ని ఎక్కడో నక్షత్రాల నడుమ జరిగే కథగానే చదివాను. మా అత్త పెట్టిన బొట్టులో అది కనబడేసరికి గుండె కలుక్కుమంది. ఆమెను తప్పుబట్టడం లేదు. ఆమె బొట్టు పెట్టకపోయి ఉంటే ఆ కూసాలు ఎప్పుడో ఏ గోడలోకో వెళ్లిపోయేవి. అర్థం పోయినా వస్తువును కాపాడింది భక్తే.

పూజ మిగలడం ఒక రకమైతే, ఒట్టి మాట మిగలడం ఇంకొక రకం. నేనుండేది ప్రొద్దుటూరులో. మా వైపు పొలాలకు నీళ్లిచ్చే కేసీ కెనాల్‌ను 1863, 1870 మధ్య మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. పారుదలకే కాదు, పడవలు నడవడానికి కూడా. తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప దాకా పడవలు రావాలన్నది ఆనాటి ఆలోచన. పల్లానికి దిగే ప్రతి చోటా రెండు జతల తలుపులు, మధ్యలో తొట్టి లాంటి గది కట్టారు. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపులు మూసి, నీటిమట్టం దించి, ముందు తలుపులు తెరిస్తే పడవ మెల్లగా మెట్టు దిగినట్టు దిగుతుంది. అదీ లాకు. కంపెనీకి గిట్టుబాటు కాలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. పడవల మాట క్రమంగా మరుగునపడింది. ఇప్పుడు మా దగ్గర లాకు అంటే నీళ్లు వదిలే తలుపు. ఈ కరువుసీమలో పడవను మెట్లు దింపాలని కలగన్నారని చెబితే పిల్లలు నమ్మరు.

వాల్టర్ మిల్లర్ 1959లో రాసిన 'ఎ కాంటికల్ ఫర్ లీబోవిట్జ్' ఈ విషయం మీద వచ్చిన నవలల్లో నాకు అన్నిటికంటే దగ్గరిది. అణుయుద్ధం తర్వాత ఎడారిలో ఒక మఠం. అక్కడి సన్యాసులు పాతకాలపు కాగితాలను తరతరాలుగా నకలు రాసుకుంటూ ఉంటారు. ఒక యువ సన్యాసికి ఏదో విద్యుత్ పరికరం తాలూకు బ్లూప్రింట్ దొరుకుతుంది. నీలం మీద తెల్ల గీతలు. దానికి బంగారు పూతతో నకలు తీయడానికి పదిహేనేళ్లు పడుతుంది. ఆ నీలం ఎందుకుందో ఎవరికీ తెలీదు. గీతలు తెల్లగా వదిలి చుట్టూ అంతా సిరాతో నింపడం నిజంగా అవసరమా అని ఆ కుర్రవాడు తల బద్దలుకొట్టుకుంటాడు. ఆ భాగం చదివినప్పుడల్లా నాకు వాడి వేళ్ల నొప్పి తెలుస్తుంది. ముఖ్యమైనది ఏది, యాదృచ్ఛికంగా వచ్చి చేరింది ఏది? పోయిన విద్యను వెతికేవాడికి దీన్ని మించిన కష్టం లేదు. కాగితం రెంటినీ ఒకే తీరుగా చూపిస్తుంది.

మరి రాసిపెట్టినవాళ్లే ఆ సంగతి ఎరిగి ఉంటే? ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు మీదుగా పోతే పోరుమామిళ్ల వస్తుంది. అక్కడి చెరువును 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. ఆ లెక్కలన్నీ చెరువు శాసనంలో సంస్కృత శ్లోకాలుగా ఉన్నాయి. దాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో ప్రకటించినవాడు వి.ఎస్. సుక్తంకర్. తర్వాతి కాలంలో పూణేలో మహాభారత సంశోధిత ప్రతికి సంపాదకుడైనది ఈయనే. ఎంతమంది రాసిన ఎన్ని నకళ్లనో పక్కపక్కన పెట్టి అసలు మాట ఏదో తేల్చిన మనిషికి మా జిల్లా చెరువు కూడా చదవవలసిన గ్రంథంగానే కనబడింది. అది నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఆ శాసనం మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు చెబుతుంది. ధర్మం, సంపద ఉన్న రాజు కావాలి. నీటిశాస్త్రం తెలిసినవాడు కావాలి. నేల గట్టిగా ఉండాలి. దూరం నుంచి వచ్చే తియ్యటి నీటి ఏరు, ఆ ఏటికి దారిచ్చే కొండలు, వాటి మధ్య మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దగ్గర్లో పొడవాటి రాళ్లిచ్చే గని, దిగువన చదునైన సారవంతమైన పొలం... ఇలా సాగుతుంది. తర్వాత ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై పొలం ఎక్కువవడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువవడం, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం. ఈ పొలిమేర మాట చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నీళ్ల కోసం పొలిమేరల్లో జరిగే పోట్లాటను ఆరున్నర శతాబ్దాల కిందటే ఇంజనీరింగు దోషంగా లెక్కగట్టారు.

ఇక పన్నెండో లక్షణం. కట్టడంలో చెయ్యి తిరిగిన పనివాళ్ల జట్టు. అదొక్కటే ఉంది. వాళ్లకు ఏం తెలిసి ఉండాలో రాయలేదు. మట్టిని ఎంత తడిపి ఎన్నిసార్లు తొక్కాలో, కట్ట ఊరుతుంటే ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలో రాయలేదు. మొదట్లో ఇది లోపమనుకున్నాను. ఇప్పుడు నా మనసు మారింది. రాతి మీదికి ఎక్కేది ఎంతో, ఎక్కనిది ఎంతో తెలిసినవాడే ఆ శ్లోకం రాశాడు. మిగతాది మనుషుల దగ్గర ఉంటుంది, వెళ్లి వాళ్లను పట్టుకో అని ఆ పన్నెండోది చెబుతోంది. ఆ చెరువు కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయంటే దానికి శాసనం కారణం కాదు. ఏ ఏటికాయేడు కట్ట మీద మట్టి పోసిన చేతులు కారణం.

ఆ చేతులు తెగిపోయిన చోట ఏమవుతుందో జమ్మలమడుగు పక్కనే కనబడుతుంది. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గండికోటకు వచ్చాడు. అప్పటికి కోట నవాబు మీర్ జుమ్లా చేతిలో ఉంది. గుళ్లలోని లోహవిగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయమని ఒక ఫ్రెంచి పనివాడికి పురమాయించాడట. గండికోట గుడిలోని విగ్రహాలు కొన్ని ఎంతకీ కరగలేదనీ, పూజారులు ఏదో మంత్రం వేశారని నవాబు మండిపడ్డాడనీ, ఫిరంగుల పని చివరికి అక్కరకు రాలేదనీ టావెర్నియే రాసుకున్నాడు. ఆ లోహంలో ఏం కలిసిందో, ఆ కొలిమికి వేడి ఎందుకు చాలలేదో చెప్పవలసినవాళ్లు విగ్రహాలు పోసిన వంశాలవాళ్లు. వాళ్లను అడిగినట్టు ఆ రాతలో ఎక్కడా లేదు. బాగా ముదిరిన సాంకేతికత మంత్రంలాగే కనబడుతుందని ఆర్థర్ క్లార్క్ చెప్పిన సూత్రానికి మూడు వందల ఏళ్ల ముందే గండికోటలో రుజువు దొరికింది.

ఉక్కు సంగతి ఇంకా లోతైనది. మన ఉక్కు అన్న మాటే ఇంగ్లీషులో వూట్జ్ అయిందని పండితులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కాచడం చూసి హెన్రీ వోయ్‌సీ రాసిన వర్ణన 1832లో అచ్చయింది. ఆ దిమ్మలు కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. లండన్‌లో మైకేల్ ఫారడే, తనూ కమ్మరి కొడుకే, 1819లో ఆ ఉక్కును పరీక్షించి, గొప్పతనమంతా అల్యూమినియంది అనుకుని పొరబడ్డాడు. చివరికి 1990లలో అమెరికాలో జాన్ వెర్హోవెన్ అనే లోహశాస్త్రజ్ఞుడు, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి, ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీద అలల్లా కనిపించే గీతలను మళ్లీ తెప్పించగలిగారు. ఖనిజంలో అణువంత వనేడియం లాంటి మలినాలు ఉంటేనే ఆ గీత వస్తుందని తేల్చారు.

అంటే ఆ ఉక్కు కాచిన మన కమ్మర్లకు వనేడియం పేరే తెలీదు. ఏ గుట్ట రాయి తెస్తే మంచి ఉక్కు వస్తుందో తెలుసు, అంతే. ఆ గుట్టలో రాయి అయిపోయి వేరేది తెచ్చిన నాడు, అదే చెయ్యి, అదే మూస, అదే మంట, గీత మాత్రం రాదు. ఎందుకు రాలేదో కొడుకుకు చెప్పలేని ఆ తండ్రి మొహాన్ని నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. పోయిన విద్య ఒకప్పుడు ఎవరికో పూర్తిగా తెలుసన్నది నవలలు మనకు అలవాటు చేసిన నమ్మకం. ఈ విద్య సగం మనిషిలో, సగం కొండలో ఉండింది. తిరిగి దొరికినప్పుడు కూడా అది ఒక్కడికి దొరకలేదు. చదువుకున్నవాడూ కొలిమి దగ్గర నిలబడినవాడూ జట్టు కడితేనే దొరికింది. పోరుమామిళ్ల పన్నెండో లక్షణం ఇక్కడా ఎదురైంది.

పోయేది చేతిపనే కాదు, నోటిలోని ధ్వని కూడా. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల ఉంది. ఒకవైపు థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాలు, ఇంకోవైపు గుడి. రేనాటి చోళుడు ధనంజయుడి కాలపు తెలుగు శాసనం, సుమారు 575 నాటిది, ఆ గుడి ఆవరణలోనే దొరికింది. రేనాటి శాసనాల తెలుగులో ఇప్పుడు మనకు లేని అక్షరం ఒకటుంది, ఴ. ఆ చోళులు నిజానికి చోఴులు. తర్వాత మన నోట్లో ఆ ధ్వని డకారమైంది. చోఴ చోడ అయింది, ఏఴు ఏడైంది, కోఴి కోడైంది. అక్షరం రాతి మీద ఉండిపోయింది, పలికే నాలుక మారిపోయింది. 2014లో యూనికోడ్ ఆ అక్షరానికి చోటిచ్చింది కాబట్టి ఇప్పుడు టైపు చేయగలుగుతున్నాను. పలకడం ఎవరిని అడగాలి? తిరుపతి దాటితే చాలు. తమిళుల నోట అది నేటికీ పలుకుతూనే ఉంది. మనకు పోయింది పక్కవాడి దగ్గర పోలేదు. 'ఆదిత్య 369' సినిమాలో టైం మెషీన్ ఎక్కి రాయలవారి కొలువుకు వెళ్తే ఒళ్లు పులకరించింది గానీ, ఈ నాలుకను వెతకడానికి అంత దూరం పోనక్కర్లేదు.

ఆ రోజు బావి గట్టున మా అన్న కొడుకుకు ఇదంతా చెప్పలేదు. "ఇది దేవుడు కాదురా, కపిల. ఎట్ల పని చేస్తుందో తాతనడుగు" అన్నాను. మామకు ఎనభై దగ్గరపడుతున్నాయి. మాట వినగానే మంచం దిగాడు.

"బాన అడుగున తొండం ఉంటాది అబ్బీ, ఏనుగు తొండం మాదిరి. నీళ్లు పైకొచ్చేటప్పుడు తొండం మడిచి పైకెత్తి ఉండాల. గట్టు మీదికొచ్చినాక మోకు బానను ఇంకా పైకి లాగుతాది, తొండం తాడు తొండాన్ని తొట్టిలోకి ఈడుస్తాది. నీళ్లు వాటికవే పడతాయి. మనిషి ముట్టుకునే పనే ల్యా."

మోకు పై గిలక మీదుగా, తొండం తాడు కింది దిండు మీదుగా, రెండూ ఒకే కాడికి. ఎద్దులు వాలులోకి దిగుతుంటే రెండు తాళ్లూ ఒకే వేగంతో కదులుతాయి. ఆ రెంటి పొడవుల తేడాలోనే కపిల ప్రాణమంతా ఉంది. తొండం తాడు పొడుగైతే నీళ్లు దారిలోనే కారిపోతాయి, కురచైతే తొండం ముందే బిగుసుకుని బాన ఒరిగిపోతుంది. వాడు ఫోన్‌లో బొమ్మ గీసుకుని తేడా ఎన్ని సెంటీమీటర్లుండాలో లెక్క తేల్చాడు. లెక్క సరిగ్గానే ఉంది.

యూరియా సంచి మూల కోసి, పాత ప్యాంటు కాలు ఒకటి తొండంగా బిగించి కట్టాం. ఇనుప గిలక పక్కింటివాళ్లది. ఎండిన బావి కాబట్టి సంచిలో మేమే రెండు బిందెల నీళ్లు పోసి కిందికి దించాం. వాడే ఎద్దయి కాడి పట్టుకుని వాలు దిగాడు. సగం దారిలోనే తొండంలోంచి నీళ్లు జలజలా కారిపోయాయి. వాడు మళ్లీ ఫోన్ తీశాడు.

"లెక్క తప్పు కాదబ్బీ," అన్నాడు మామ. "మోకు పాతది, సాగాల్సినంత సాగింది. తొండం తాడు కొత్తది, బరువు పడితే సాగుతాది. జానెడు తగ్గించు."

తాడు కురచ చేసే ముడి ఎలా వేయాలో ఆయన చెప్పలేకపోయాడు. "ఇట్ల" అని వేసి చూపించాడు. విప్పి, మళ్లీ "ఇట్ల" అన్నాడు. వీడియో తీస్తున్న వాడి చేతిలోంచి ఫోన్ తీసుకుని తొట్టి గట్టున పెట్టి, తాడు చేతికిచ్చాడు. వాడు వేసిన ముడి రెండుసార్లు జారిపోయింది. మూడోసారి మామ దాన్ని బలంగా గుంజి చూసి ఊఁ అన్నాడు.

మళ్లీ నీళ్లు పోసి దించాం. పొద్దు గుంకుతుండగా సంచి పైకి వచ్చింది. ప్యాంటు కాలు తొట్టిలోకి తిరిగి భళ్లున నీళ్లు పడ్డాయి. తొట్టిలోంచి కాలువలోకి దిగాయి. రెండు బారల దూరం పోయి, పగిలిన పెంకు ఒకటి అడ్డంపడి ఆగాయి. మామ వంగి ఆ పెంకు తీసి గట్టవతల పారేశాడు.

"మళ్లీ తోలు," అన్నాడు.