రేకుల కాపలా

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఎండ కావాలంటే డాబా ఎక్కాలి. ఇరుకు గల్లీలు, ఒకదాన్నొకటి ఒరుసుకునే అంతస్తులు. కింది వాటాల్లో పగలు కూడా ట్యూబ్‌లైటే. అందుకే నా గజేనియా పూల కుండీలన్నీ మీద, నీళ్ల ట్యాంకు పక్కన చేరాయి.

గజేనియా పుట్టిల్లు దక్షిణాఫ్రికా. ఆకు తిరగేస్తే అడుగున తెల్లటి నూగు, వేలితో రాస్తే మెత్తగా తగులుతుంది. ఎండను, నీటి ఎద్దడిని తట్టుకోవడానికి ఒళ్లంతా సిద్ధం చేసుకున్న మొక్క. మన హైదరాబాద్‌లో వానలు వెనకబట్టాక నాటితే సంక్రాంతి వేళకు పూతకొస్తుంది. ఎర్రమట్టిలో ఇసుక కలపాలి, రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. నీళ్లు మాత్రం మట్టి ఆరాకే. ప్రేమకొద్దీ రోజూ పోశామా, మొదలు కుళ్లి ఊరుకుంటుంది.

పక్క గదిలో అద్దెకుండే జూనియర్ ఆర్టిస్టు కుర్రాడు ఒకరోజు అడిగాడు: "అన్నా, మీ మొక్కకు ఎప్పుడూ మొగ్గలేనా? పూయదా?" అతను తెల్లవారకముందే ప్రొడక్షన్ బస్సెక్కి, చీకటి పడ్డాక దిగుతాడు. గజేనియా ఎండ బాగా ఎక్కాక విప్పుకుని, సాయంత్రానికల్లా ముడుచుకుంటుంది. మబ్బు పడితే అసలు విప్పదు (మబ్బు రోజున ఔట్‌డోర్ యూనిట్ చేసే పనీ అంతంతే). అంటే అతనికి పువ్వు కనబడాలంటే షూటింగ్ ఉండకూడదు. షూటింగ్ లేకపోతే ఆరోజు డబ్బుల్లేవు. ఈ లెక్కకు అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, రోడ్డు పక్క గడ్డిచామంతి, అన్నీ గజేనియా చుట్టాలే. వీటిలో మనం ఒక పువ్వనుకునేది ఒక గుంపు. అంచున రేకులా కనిపించే ప్రతిదీ ఓ పువ్వే. నడుమ దిమ్మెలో ఇంకా చిన్నవి కిక్కిరిసి ఉంటాయి. గజేనియాలో ఆ అంచు పువ్వులు గింజ కట్టవు. రంగు చూపించి తేనెటీగలను పిలవడమే వాటి వంతు. గింజ కట్టేవి నడుమనున్న చిన్నవి.

అటు సారథి స్టూడియోస్, ఇటు అన్నపూర్ణ స్టూడియోస్. ఈ రెంటి మధ్య కూర్చుంటే పోలిక అడక్కుండానే వచ్చిపడుతుంది. అంచున మెరిసేది హీరో, నడుమ గుంపు. నాకది సగమే నచ్చుతుంది. సాయంత్రం ఆ రేకుల్ని చూడండి: ఒక్కొక్కటే లేచి చిన్నవాటి మీద కప్పులా మూసుకుంటాయి. మంచు తగిలి పుప్పొడి పాడవకుండా ఈ ఏర్పాటని అంటారు. పగలంతా కళ్లన్నీ తనమీదే ఉంచుకున్న రేకుకు రాత్రి కాపలా డ్యూటీ! ప్యాకప్ అయ్యాక ఎవరి కారు వాళ్లెక్కి వెళ్లిపోయే ఈ పేటలో అలాంటి కాపలా నేనింకా చూడలేదు.

సంక్రాంతికి షూటింగులు ఆగాయి. కుర్రాడు ఊరికి వెళ్లలేదు. పదకొండింటికి డాబా మీదకొచ్చి, విప్పారిన నారింజ పువ్వు ముందు గొంతుక్కూర్చున్నాడు. గింజలుంటే ఊళ్లో అమ్మకు పంపుతానన్నాడు. ఎండలు ముదిరేలోపు దులిపి ఇస్తానన్నాను. నర్సరీ హైబ్రిడ్ కాబట్టి ఇదే రంగు రాకపోవచ్చనీ చెప్పాను.

"ఏదో ఒక రంగొస్తుందిగా అన్నా," అన్నాడు.