రైలుకు మనసిస్తే

మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా తలపెట్టిన 151 కిలోమీటర్ల లైనుకు 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. సిద్దిపేటకు ప్రయాణికుల రైలు వచ్చింది మాత్రం 2023 అక్టోబర్ 3న. ఆ సిద్దిపేట జిల్లాలోని చిన్నకోడూరు మండలంలో ఇప్పుడు బడికి పోతున్న పిల్లలు రైలును ఇరుగుపొరుగు సంగతిగా చూస్తూ పెరుగుతున్న మొదటి తరం. వాళ్ల చేతికి రైలు బొమ్మల పుస్తకాలూ వస్తాయి. వాటిలో ఇంజనుకు కళ్లుంటాయి, నోరుంటుంది. అది అలుగుతుంది, గర్వపడుతుంది, భయపడుతుంది. ఇనుముకు మనసు అంటగట్టడం పసివాళ్లకు అబద్ధం నేర్పడం కాదా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. నా దృష్టిలో తప్పు మనసివ్వడంలో లేదు. మనసిచ్చాక, కాదనే హక్కును దానికి ఇవ్వకపోవడంలో ఉంది.

అబద్ధమన్న అభ్యంతరానికి వేదాంతంలో బలమైన ఆధారమే దొరుకుతుంది. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యాన్ని అధ్యాస చర్చతోనే మొదలుపెట్టారు. ముత్యపుచిప్పలో వెండిని చూసినట్టు, జడమైన దానిమీద చైతన్యాన్ని ఆరోపించడమే బంధానికి మూలమన్నారు. అలాంటప్పుడు నవ్వే ఇంజను బొమ్మ ఆ బంధానికి తొలి పాఠం కాదా? కాదు. చిప్పను వెండి అనుకున్నవాడికి అది చిప్ప అని తెలియదు. బొమ్మల పుస్తకం తిప్పే పిల్లకు రైలు ఇనుమని తెలుసు; తెలిసే దానితో మాట్లాడుతుంది. తెలిసీ కావాలని కల్పించుకునే ఇలాంటి జ్ఞానాన్ని మన నైయాయికులు ఆహార్యమన్నారు. ముఖాన్ని చంద్రుడన్న కవి భ్రమలో లేడని చెప్పడానికి ఆలంకారికులకూ, జగన్నాథ పండితరాయల దాకా, ఈ భావనే అక్కరకొచ్చింది. అంత దూరం పోనక్కర్లేదు, బతుకమ్మను చూస్తే చాలు. తంగేడు, గునుగు తామే తెంపుకొచ్చి, తామే వరుసలుగా పేర్చి, దాన్నే గౌరమ్మగా కొలిచి, ఆడబిడ్డను సాగనంపినట్టు చెరువులో సాగనంపే ఆడవాళ్లలో ఒక్కరు కూడా అవి పూలన్న సంగతి మరవరు. అది కల్పన కాదు, ఆవాహన అని భక్తులు సరిదిద్దుతారు. ఒప్పుకుంటాను, ఆవాహన కల్పనకన్నా చాలా పెద్దది. అయినా ప్రాణమిచ్చిన చేతికి, ఇచ్చినదాని పట్ల మర్యాద ఉండాలన్న నియమం ఆ పండుగలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నేను పట్టుకునేది ఆ నియమాన్నే.

ఆ నియమంతో ఇంగ్లిష్ రైలు పుస్తకాలను కొలిచి చూద్దాం. థామస్ ఇంజను కథలు రాసిన విల్బర్ట్ ఆడ్రీ ఆంగ్లికన్ చర్చి మతాధికారి. తట్టు సోకి మంచంలో ఉన్న కొడుకు కోసం అల్లిన కథలే 1945లో ‘ది త్రీ రైల్వే ఇంజన్స్’గా అచ్చయ్యాయి. అందులో హెన్రీ అనే ఇంజను వానకు తన రంగు పాడవుతుందని భయపడి సొరంగంలోంచి బయటికి రానంటుంది. లాగి చూస్తారు, నెట్టి చూస్తారు, చివరికి దాని ముందు గోడ కట్టేస్తారు. మరో ఇంజను చెడిపోయి అవసరం పడ్డాకే దాన్ని బయటికి తెస్తారు. తప్పు, శిక్ష, పశ్చాత్తాపం, క్షమ అనే క్రైస్తవ క్రమం ఈ కథల్లో ఉందనీ, క్షమ దొరకని ఇంజను దాదాపు ఉండదనీ వీటిని ఇష్టపడేవారు చెబుతారు. అది నిజమైన గుణమే. కానీ హెన్రీ చేసిన తప్పేమిటి? రంగు మీద మోజు కొంత, భయం కొంత. కర్మ సిద్ధాంతం ప్రకారం ఫలం కర్తకు చెందుతుంది. యంత్రానికి కర్తృత్వం లేదు కాబట్టి పాపమూ లేదు. కథకుడు దానికి మనసిచ్చిన మరుక్షణం కర్తృత్వం కూడా ఇచ్చినట్టే. నిందించడానికి మాత్రం దాన్ని కర్తను చేసి, నిర్ణయించుకోవడానికి మాత్రం పనిముట్టుగానే ఉంచడం ధర్మం కాదు. అదే ఏడాది అమెరికాలో వచ్చిన ‘టూటిల్’లో పసి ఇంజను పట్టాలు దిగి పచ్చికలో పూల మధ్య ఆడుకుంటుంది. ఊరంతా ఎర్రజెండాలు పట్టుకుని గడ్డిలో దాక్కుని దాన్ని మళ్లీ పట్టాలెక్కిస్తుంది. పిల్లలను గుంపుకు లొంగేలా తయారుచేసే కథ అని డేవిడ్ రీస్మన్ అనే సామాజికవేత్త 1950లోనే ఈ పుస్తకాన్ని తప్పుపట్టాడు. వీటికి భిన్నంగా 1930 నాటి ‘ది లిటిల్ ఇంజన్ దట్ కుడ్’లో పెద్ద ఇంజన్లు ముందుకు రాకపోతే, చిన్న ఇంజను తనంతట తాను ఒప్పుకుని బొమ్మల బండిని కొండ దాటిస్తుంది. కాదనే వీలుండి అవునన్నది కనుక దాని పనే నిజంగా కర్మ.

మన దగ్గర మాట్లాడిన వాహనం లేకపోలేదు. ఉత్తరకాండలో పుష్పకం కుబేరుడి దగ్గరికి వెళ్లి తిరిగొచ్చి రాముడితో తానే మాట్లాడుతుంది, నిన్నే మోయమని పంపాడంటుంది. రాముడు ఏం చేశాడన్నది ముఖ్యం. పేలాలతో, పూలతో, ధూపంతో దాన్ని పూజించి, ఇష్టమైన చోటికి పొమ్మని, తలచుకున్నప్పుడు రమ్మని సెలవిచ్చాడు. అది కూడా సేవే కదా, యజమాని చెప్పుచేతల్లోదే కదా అంటే, అవును. అయితే మాట వచ్చిన వాహనానికి ముందు గౌరవం, వెంటనే స్వేచ్ఛ దక్కాయి. ఆయుధపూజ నాడు ట్రాక్టరుకూ బస్సుకూ పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచే మనవాళ్లు ఇందులో సగం పాటిస్తున్నారు. బండికి మనసుందని ఎవరూ అనరు, అయినా ఏడాదికొక రోజు దాన్ని పనినుంచి తప్పించి మొక్కుతారు. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలోని భారీ మోటార్లకు బాహుబలి అని పేరు వచ్చినా, ఆగిపోయినందుకు అవి సిగ్గుపడాలని ఎవరూ కోరలేదు.

పట్టాలు తప్పిన రైలు ప్రాణాలు తీస్తుంది, పిల్లలకు పట్టాల విలువ నేర్పొద్దా అంటారు. తప్పకుండా నేర్పాలి, ముఖ్యంగా రైలు కొత్తగా వచ్చిన ఊళ్లలో. అది రైలును రైలుగా చూపించి నేర్పాల్సిన విషయం. చుక్‌చుక్ రైలు వస్తోంది, పక్కకు తప్పుకోమని చెప్పే మన పిల్లల పాట ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది. అందులో రైలుకు దుఃఖమూ లేదు, శిక్షా లేదు. ఇంజనుకు ముఖం గీసిన క్షణం నుంచి మాత్రం మనం నేర్పుతున్నది రైలు గురించి కాదు, మనిషి గురించి. పట్టాలు ఇంజనుకు భౌతిక నియమం. మనిషికి అవే గీస్తే ఎవరు గీశారు, ఎందుకు గీశారు అని అడిగే హక్కు అతనికుంది. పంచతంత్రంలో జంతువులూ అడుగుతాయి, వాదిస్తాయి, మోసపోతాయి, తప్పించుకుంటాయి. థామస్ కథల్లోలా వాటి తలమీద మెచ్చుకోలు ముద్ర వేసే రైల్వే డైరెక్టరు ఉండడు.

ఎదురాడే ఇంజనును చూస్తే పిల్లలు పెద్దల మాట వింటారా అన్న భయం మిగులుతుంది. శరీరం రథం, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనసు పగ్గమని చెప్పిన కఠోపనిషత్తు ఆ మాటలను చెప్పించింది ఒక పిల్లవాడికే. తండ్రి ముసలి ఆవులను దానమివ్వడం చూసి ఊరుకోలేక, నన్నెవరికిస్తావని మళ్లీ మళ్లీ అడిగి, ఆయనకు కోపం తెప్పించిన నచికేతుడికి.