తోడు వెళ్లినవాడు

బ్రిటన్‌కు నైరుతి కొసన ల్యాండ్స్ ఎండ్, ఈశాన్య కొసన జాన్ ఓ గ్రోట్స్ ఉన్నాయి. రోడ్డు వెంట పోతే రెండింటి మధ్య దాదాపు 1,400 కిలోమీటర్లు. ఏదో ఒక మంచి పనికి విరాళాలు పోగుచేయాలని ఆ దారిన నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, పరుగెత్తేవాళ్లు ఏటా ఉంటారు.

ఒక ఏడాది ఇద్దరు అన్నదమ్ములు ఆ దారి పట్టారు. రోజుకు 70 కిలోమీటర్ల చొప్పున ఇరవై రోజులు పరుగెత్తి, వచ్చిన డబ్బంతా నయంకాని జబ్బులున్న పిల్లలను చూసుకునే ఒక హాస్పిస్‌కు ఇవ్వాలని అనుకున్నారు. వాళ్లకు తోడుగా వ్యాన్‌లో ఇద్దరు బయల్దేరారు. ఒకడు వాళ్ల మేనల్లుడు, కుర్రవాడు. రెండో ఆయన పొరుగింటి పెద్దాయన, లారీ నడిపి రిటైరైనవాడు.

వాళ్ల పని చూడ్డానికి తేలిక. ఎనిమిది కిలోమీటర్లకోసారి వ్యాన్ ముందుకెళ్లి ఆగాలి. మంచినీళ్లు, ఉడికించి ఉప్పు అద్దిన బంగాళాదుంపలు సిద్ధంగా ఉంచాలి. చెమటతో ఉప్పు పోతున్న మనిషి ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తూలిపోతాడు, అది కనిపెట్టుకుని ఉండాలి. రాత్రి పాదాల్లో లేచిన బొబ్బలను కాల్చిన సూదితో అంచున పొడిచి, నీరు తీసి, పై చర్మం ఊడకుండా టేపు అంటించాలి. ఆ టేపులో చిన్న ముడత ఉన్నా చాలు, తెల్లారి అది రెండో బొబ్బ అవుతుంది.

అన్నదమ్ములు గమ్యం చేరేదాకా తను కంటినిండా నిద్రపోకూడదని కుర్రవాడు పంతం పట్టాడు. వాళ్లు పడుకున్నాక సాక్సులు ఉతికాడు, తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి ఆరబెట్టాడు, తెల్లవారుజామునే లేచి దుంపలు ఉడికించాడు. దారిలో వచ్చిన ప్రతి ఊళ్లోనూ హాస్పిస్ కరపత్రం గట్టిగా చదివి వినిపించి డబ్బా పట్టాడు. పెద్దాయన మాత్రం వేళకు తిన్నాడు, చీకటి పడ్డాక పడుకున్నాడు, పగలు వ్యాన్ ఆగినప్పుడల్లా వెనక సీట్లో కునుకు తీశాడు. చూసినవాళ్లు కుర్రవాణ్ణి మెచ్చుకున్నారు. పెద్దాయన సుఖపడటానికి వచ్చాడని కుర్రవాడు లోలోపల నొచ్చుకున్నాడు.

కుర్రవాణ్ణి తప్పు పట్టడానికి లేదు. ప్రేమ తక్కువైనవాళ్లు ఇలాంటి పంతం పట్టరు.

పదో రోజు దాటాక ఇంగ్లండ్ ఉత్తరాన షాప్ అనే కొండ వచ్చింది. రోడ్డు అక్కడ సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా ఎత్తుకు ఎక్కుతుంది. ఆ ముందు రాత్రి కుర్రవాడు అన్న మడమకు వేసిన టేపు ముడతపడింది. కొండ దిగేసరికి మడమ పచ్చిపుండైంది. అన్న ఏమీ అనలేదు. కుర్రవాడు ఆ రాత్రి ప్రాయశ్చిత్తంగా మరో గంట ఎక్కువ మేలుకున్నాడు.

తర్వాత స్కాట్లాండ్‌లో డ్రమోక్టర్ కనుమ వచ్చింది. చెట్టూ చేమా లేని ఎత్తు, ఎదురుగాలి, వాన. అనుకున్న చోట ఆగకుండా కుర్రవాడు వ్యాన్ ముందుకు పోనిచ్చాడు. తను ఆ చోటు దాటానని అతనికి తెలియనే లేదు. కాసేపటికి కళ్లు మూతపడ్డాయి. చక్రం రోడ్డు దిగి కుదుపు వచ్చింది. వెనక పడుకున్న పెద్దాయన లేచి వాచీ చూశాడు, దారి చూశాడు, సంగతి గ్రహించాడు. కుర్రవాణ్ణి పక్కకు జరిపి, తాను స్టీరింగ్ పట్టి బండి వెనక్కి తిప్పాడు. అన్నదమ్ములిద్దరూ ఒక రాతిగోడ వారన ఒదిగి వణుకుతున్నారు. తమ్ముడికి మాట తడబడుతోంది. పెద్దాయన తడిబట్టలు విప్పించి, దుప్పట్లు కప్పి, తీపి ఎక్కువ వేసిన టీ కొద్దికొద్దిగా తాగించాడు. నిద్ర తీరినవాడి చేతులు గనక ఏ పనీ తడబడలేదు.

ఆయన కుర్రవాణ్ణి ఒక్క మాట అనలేదు. డ్యాష్‌బోర్డ్ మీది కరపత్రం తీసి అతని చేతిలో పెట్టాడు. ఊరూరా బిగ్గరగా చదివిన ఆ కాగితాన్ని కుర్రవాడు మొదటిసారి తనకోసం చదువుకున్నాడు. బిడ్డ ఊపిరి వింటూ రాత్రులు మేలుకునే తల్లిదండ్రులు నాలుగు రోజులు బిడ్డను నర్సుల చేతిలో పెట్టి కంటినిండా నిద్రపోవడానికే ఈ డబ్బు అని అందులో ఉంది. పిల్లల హాస్పిస్‌లలో ప్రపంచంలోనే మొదటిది 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో తెరిచారు. అక్కడా ఇలాంటి విరామం ఇవ్వడం ముఖ్యమైన పనే.

కుర్రవాడు ఆ రాత్రి వేళకు పడుకున్నాడు. మిగిలిన రోజులూ అంతే. అన్న మడమ మానకపోయినా కట్టు మళ్లీ ముడతపడలేదు. అన్నదమ్ములు జాన్ ఓ గ్రోట్స్ చేరారు.

నీతి: ఒకరిని నిలబెట్టేవాడి తిండీ నిద్రా అతని సొంత సుఖం కాదు, ఆ పనిలో భాగమే. మన ఇళ్లలో మంచాన పడ్డవాళ్లను ఏళ్ల తరబడి ఒంటిచేత్తో చూసుకునే కోడలో, కూతురో, భార్యో ఉంటే ఆమె ఓర్పును పొగిడి ఊరుకోవడం వల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు. వారానికి ఒక రాత్రి ఆ మంచం పక్కన మనం కూర్చుని, ఆమెను పక్క గదిలో పడుకోమనాలి.